పాత బ్రాంచికి టెస్టులా? అపచారం!

రుషికొండ మీది మా ఆఫీసులో పోయిన శుక్రవారం ఘోరం జరిగింది. కొత్తగా చేరిన అమ్మాయి నిండు మీటింగులో లేచి, "సార్, మెయిన్‌లో రాసిన టెస్టుని పాత మెయింటెనెన్స్ బ్రాంచిలో కూడా పెడదామా?" అంది. మెయిన్ అంటే మేం రోజూ కొత్త కోడ్ రాసే చోటు; మెయింటెనెన్స్ బ్రాంచి అంటే పాత వెర్షన్ వాడే కస్టమర్ల కోసం విడిగా ఉంచిన కోడ్ కాపీ; టెస్టు అంటే ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్. ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి.

సింహాచలం అప్పన్న నిజరూపం చూపేది ఏడాదికి ఒక్కరోజు, చందనోత్సవం నాడు. మా పాత బ్రాంచి నిజరూపాన్ని ఈ పిల్ల రోజూ రాత్రి సీఐలో (టెస్టులన్నీ తనంతట తానే నడిపే వ్యవస్థలో) దర్శించుకుంటానంటుంది! మూడేళ్లుగా పూసిన చందనం ఏం కావాలి?

పాత బ్రాంచిల్లో ఏం మార్చొచ్చో నియమాలు లేవా అంటే ఉన్నాయి. లైనక్స్ స్టేబుల్ కెర్నెల్లోకి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి ఇప్పటికే విడుదలైన వెర్షన్లోకి) వెళ్లే ప్యాచ్, అంటే కోడ్ సవరణ, చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు ఒక్కో వెర్షనుకీ కొన్నాళ్లు బగ్గులు బాగుచేసి, ఆపైన ఐదేళ్లు నిండేదాకా సెక్యూరిటీ లోపాలు మాత్రమే చూస్తారు. మా నియమం ఇంకా సులువు: కస్టమర్ ఫోన్ చేసి తిట్టేదాకా బ్రాంచి ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఆ పిల్ల వినలేదు, చెర్రీ-పిక్ కొట్టింది, అంటే మెయిన్ నుంచి ఆ ఒక్క మార్పునే పాత బ్రాంచిలోకి తెచ్చింది. టెస్టుకి కావాల్సిన హెల్పర్ ఫంక్షన్ పాత బ్రాంచిలో లేదు. అదీ తెచ్చింది. హెల్పర్‌కి లైబ్రరీ (రెడీమేడ్ కోడ్ మూట) కొత్త వెర్షన్ కావాలట. ఎలకల నుంచి గోచీని కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, పిల్లి పాలకోసం ఆవును కొని, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి గుర్తొచ్చాడు. ఈమె మాత్రం హెల్పర్ని పక్కన పడేసి, అదే టెస్టుని పాత పద్ధతిలో పన్నెండు లైన్లలో రాసేసింది. నాకిది అస్సలు నచ్చలేదు. రన్ చేస్తే ఎర్రగా వెలిగింది, అంటే టెస్టు ఫెయిల్.

"సార్, ఆ బగ్గు ఇక్కడా ఉంది."

"చూడమ్మా, బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా. 2001లో నేవీ నుంచి రిటైరైంది, మరుసటేడు మ్యూజియం అయింది. అది ఇంకా మునిగి తేలగలదా అని ఎవరైనా సముద్రంలోకి దించి చూస్తారా?"

"కుర్సురా ఎక్కినవాళ్లు ఫొటోలు తీసుకుని దిగిపోతారు సార్. మన కస్టమర్లు ఇంకా నీళ్లలోనే ఉన్నారు."

పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం ఈ కాలేజీల్లోనే నేర్పుతున్నారనుకుంటా. ఫిక్స్ సంగతి వచ్చే నెల కమిటీకి వదిలేసి, ఆ టెస్టుకి 'స్కిప్' (నడపకుండా దాటెయ్యమనే గుర్తు) తగిలించి బ్రాంచిలో మెర్జ్ చేయించాను, అంటే కలిపించాను. సోమవారం నుంచి మా సీఐ పైప్‌లైన్ కైలాసగిరి కన్నా పచ్చగా ఉంది.