పేరు మధ్యలో ఉంటే పనికిరారా?

బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగంలో అధ్యాపక పోస్టుకు ఇంటర్వ్యూ అంటే జరిగే తంతు తెలిసిందే. జీవశాస్త్రం వాళ్లు ‘మీ సొంత ప్రయోగమేదీ?’ అంటారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ‘కొత్త అల్గారిథమ్ ఏదీ?’ అంటారు. అభ్యర్థి రెంటికీ చెడ్డ రేవడిగా మిగులుతారు. ఎటూ తేలక కమిటీ పేపర్ల జాబితా ముందేసుకుని, ఫస్ట్ ఆథర్‌గా (ప్రధానంగా పనిచేసినవారు) ఎన్ని, లాస్ట్ ఆథర్‌గా (ల్యాబ్ నడిపేవారు) ఎన్ని అని లెక్కపెడుతుంది. అసలు రోగం ఈ లెక్కలోనే ఉంది. విశ్లేషణ భారమంతా మోసిన మనిషి పేరు ఈ రంగంలో తరచుగా మధ్యలోనే ఉంటుంది మరి.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ఉదంతం గుర్తుందా? కణితిలోని జన్యువుల తీరును బట్టి ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పగలమని అక్కడి పరిశోధకులు 2006లో ప్రకటించారు. రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో గణాంక విశ్లేషకులు కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అదే డేటా తీసుకుని మొదటినుంచి లెక్కకట్టి చూశారు. జన్యువుల జాబితా ఒక్క వరుస పక్కకు జరిగిపోయి ఉంది. ఒక జన్యువు ఉండాల్సిన చోట దాని పక్కది కూర్చుంది. కొన్నిచోట్ల మందుకు లొంగిన కణాలు, లొంగనివి తారుమారయ్యాయి. 2009లో ఈ తప్పులన్నీ అచ్చులో పెట్టారు. 2010లో ట్రయల్స్ ఆగాయి, ఆ తర్వాత పేపర్లు ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నారు.

ఇద్దరూ కొత్త జన్యువు కనిపెట్టలేదు, కొత్త మందూ తేలేదు. ఆ ఓపికకు మన కమిటీల దగ్గర ఏ గడిలో మార్కులున్నాయి?

నిజమే, పది నిమిషాలు స్క్రిప్టు నడిపి పేరు వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. సొంత ప్రశ్న లేనివాళ్లు రేపు ల్యాబ్ ఎలా నడుపుతారన్న అనుమానమూ న్యాయమైనదే. అయితే కోడ్ తెరిచి చూడండి. ఏ వరుస ఎవరు, ఎప్పుడు రాశారో కోడ్ దాచే రిపాజిటరీలో నమోదై ఉంటుంది. పేపర్లలో ఆ పాటి సాక్ష్యం కూడా ఉండదు.

ఇంకో మాట. గంట ప్రెజెంటేషన్ తగ్గించి, పూటపాటు ఒక చెడిపోయిన డేటా చేతికివ్వండి. అందులో మగవారిదని రాసిన నమూనాలో ఆడవారి కణాల్లో పనిచేసే ఎక్సిస్ట్ జన్యువు దండిగా కనపడాలి. రోగుల నమూనాలన్నీ ఒకరోజు, ఆరోగ్యవంతులవన్నీ ఇంకోరోజు సీక్వెన్స్ చేసి (జన్యు అక్షరాలు చదివి) ఉండాలి. అప్పుడు కనిపించే తేడా రోగానిదో, రోజుదో తేలదు. సరైన మనిషి గ్రాఫులు గీసే ముందే చెయ్యి ఆపి, ‘ఈ నమూనాలు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న వేసినవారికి ఉద్యోగం ఇచ్చేయొచ్చంటాను.

అసలు యూనివర్సిటీలకు కనిపెట్టినవాళ్లంటే ఉన్న మోజు, కాపాడినవాళ్ల మీద లేదు. ప్రొటీన్ల ఆకృతిని ఊహించే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవారికి 2024లో నోబెల్ దక్కింది. ఆల్ఫాఫోల్డ్ పాఠాలు నేర్చుకున్నది 1971లో మొదలైన, ప్రొటీన్ల ఆకృతులు భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ దగ్గర. అందులో ప్రతి నమోదునూ సరిచూసి, సరిదిద్ది పెట్టినవాళ్లు అధ్యాపక పోస్టుకు దరఖాస్తు చేస్తే మొదటి వడపోతలోనే పోతారు.

సాఫ్ట్‌వేర్, డేటా నిర్వహణ, ఇతరుల లెక్కలు సరిచూడడం కూడా పరిశోధన కిందే లెక్కిస్తామని నియామక ప్రకటనలోనే రాయాలి. అందుకు మనసొప్పకపోతే ప్రొఫెసర్ అనే మాట కొట్టేసి, ‘డేటా సర్వీసుకు మనిషి కావలెను’ అని వేసుకోవచ్చు. దరఖాస్తుదారులకు కనీసం సంగతి ముందే తెలుస్తుంది.