ఫాదర్ కాలమ్‌లో మేనమామ

మాదక ద్రవ్యాల మీద యుద్ధం మా ఊళ్లో మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి విజయవంతంగా ముగిసిందని పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. రుజువు కావాలంటే స్కూలు వాట్సాప్ గ్రూపులో ఫోటో ఉంది. 'కుటుంబాల భాగస్వామ్యంతో మత్తు రహిత పాఠశాల' అని కింద రాశారు. ఫోటోలో శాలువాలు కప్పుకున్న ఏడుగురు పెద్దలు, వాళ్ల వెనక ఫ్లెక్సీ, ఎడమ పక్క చివర ఒక మోచెయ్యి కనిపిస్తాయి. కుటుంబాలంటే ఆ మోచెయ్యే. అది నాది.

మా అక్క కువైట్‌లో పని చేస్తుంది. బావ రొయ్యల చెరువు గట్టు మీదే తిని, అక్కడే పడుకుంటాడు. ఎనిమిదో తరగతి చదివే మేనల్లుడు మా అమ్మ దగ్గర, నా దగ్గర పెరుగుతున్నాడు. కోనసీమలో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగుంటాయి, కొత్తేం కాదు. స్కూలు నుంచి కబురొచ్చింది: 'మత్తు నివారణలో కుటుంబాల పాత్ర. శుక్రవారం 11 గంటలకు తల్లిదండ్రులు విధిగా హాజరు కావలెను.' శుక్రవారం పదకొండింటికి ఈ డెల్టాలో ఖాళీగా ఉండేది అరుగు మీద పేపరు చదివే నాలాంటి వాడే. మిగతా జనం కొబ్బరి దింపులోనో, చెరువు పట్టుబడిలోనో, ప్లాంటులో రొయ్య తలలు తీస్తూనో ఉంటారు. తెలిసే ఆ టైము పెట్టారేమో. కుటుంబాలు నిజంగానే వచ్చేస్తే కుర్చీలు చాలవు కదా!

గేటు దగ్గర రిజిస్టరు పెట్టారు. అందులో రెండే కాలమ్‌లు. ఫాదర్, మదర్.

"నేను మేనమామనండి."

"ఆ కాలమ్ లేదండి."

"వాడి పుట్టెంట్రుకలు నా ఒళ్లోనే తీశారండి."

"ఆయ్, కాదనట్లేదండి. ఫాదర్ దాంట్లో పెట్టెయ్యండి. పైవాళ్లు లెక్క ఒక్కటే చూస్తారు."

పెట్టేశాను. నా వెనకాల ఒక అమ్మమ్మగారు మదర్ కాలమ్‌లో వేలిముద్ర వేసింది. ఆ వెనకావిడ తన ముగ్గురు పిల్లలకీ, పక్కింటి పిల్లకీ కలిపి నాలుగు చోట్ల సంతకాలు చేసి, "పాలవాడొస్తాడండి" అంటూ అక్కణ్నించే వెళ్లిపోయింది. లెక్కలో ఆమె నాలుగు కుటుంబాలు.

సభ పన్నెండుంబావుకి మొదలైంది. ముఖ్య అతిథి రావాలి కదా. ఫ్లెక్సీ ఖర్చు భరించిన పెద్దమనిషి ఆయన. స్కూలు గేటుకి ఎదురుగానే ఆయన కిళ్లీ కొట్టు. చీకటి పడ్డాక ఆ కొట్టు వెనక కిటికీ ఎందుకు తెరుచుకుంటుందో ఊళ్లో అందరికీ తెలుసు. బెల్టు షాపు అని నేననను, నాకు ఇంకా ఈ ఊళ్లో బతకాలని ఉంది. స్కూళ్లకి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదనీ, పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకి అసలు అమ్మనేకూడదనీ 2003 నాటి చట్టం చెబుతోంది. ఆయన కొట్టు దూరాన్ని గజాల్లో కొలవక్కర్లేదు, అడుగుల్లో చెప్పొచ్చు. ఆయనే మైకు పట్టుకుని మా అందరి చేతా ప్రతిజ్ఞ చేయించాడు. "మత్తుకు దూరంగా ఉంటాం" అనేటప్పుడు గొంతు గద్గదమైంది. పాపం, అందరూ నిజంగానే దూరంగా ఉంటే ఆయన గతేమిటి?

తర్వాత పట్నం నుంచి వచ్చిన వక్తగారు తెర మీద బొమ్మలు వేశారు. కొకైన్, హెరాయిన్, ఎల్ఎస్‌డీ. ఏది ఏ రంగులో ఉంటుందో, గ్రాము ఎంత పలుకుతుందో శ్రద్ధగా చెప్పారు. సైన్సు పాఠం ఏనాడూ రాసుకోని పిల్లలు కూడా నోటుబుక్కులు తీశారు. ఆ తర్వాత 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మాదక ద్రవ్యాల చట్టం. గంజాయి కిలో వరకూ అయితే ఏడాది దాకా జైలు, ఇరవై కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు అని వివరించారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, రెండు కేజీల్ని ఇద్దరం చెరో కేజీ పట్టుకుంటే?" అని అడిగాడు. "మంచి ప్రశ్న" అన్నారు వక్తగారు. భిన్నాల పాఠం ఇన్నాళ్లకి ఎక్కిందని లెక్కల మేస్టారు కళ్లు తుడుచుకున్నారు.

ఆ బొమ్మల్లో వైట్‌నర్ లేదు. పంక్చర్ షాపు సొల్యూషన్ లేదు. కేంద్రం కోసం ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే 2019లో వచ్చింది. పెద్దవాళ్లకంటే పదీ పదిహేడేళ్ల మధ్య పిల్లల్లోనే ఎక్కువగా కనపడిన మత్తు అందులో ఒక్కటే, ఇలా వాసన పీల్చేవి. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17. కానీ వైట్‌నర్ సీసా బొమ్మ వేస్తే ఏం బావుంటుంది చెప్పండి? అది స్కూలు పక్క ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. కొకైన్‌కున్న దర్జా దానికెక్కడిది?

కుటుంబాల్ని కలుపుకోవడమంటే వేరే చోట్ల ఏం చేస్తారో కూడా చెప్పాలి. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పదీ పద్నాలుగేళ్ల పిల్లల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. వారానికి రెండు గంటల చొప్పున ఏడు వారాలు. మొదటి గంట పెద్దలు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. రెండో గంట అందరూ కలిసి. అరవకుండా కట్టడి చేయడం పెద్దలు నేర్చుకుంటారు, తోటివాళ్లు లాగితే వద్దనడం పిల్లలు నేర్చుకుంటారు. మనవాళ్లు ఆ ఏడు వారాల్ని గంటంబావుకి కుదించారు. అందులో అరగంట శాలువాలకి పోయింది.

ఆ హాల్లో లేని కుటుంబం ఒకటుంది. మా వెనక వీధి వాళ్లు. పోయినేడు వాళ్లబ్బాయి ఇదే స్కూల్లో తొమ్మిదో తరగతి. వాణ్ని ఎవరూ పట్టుకోలేదు. వాడే టీచరు దగ్గరికెళ్లి, వైట్‌నర్ పీలుస్తున్నాననీ, మానలేకపోతున్నాననీ చెప్పాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు నోరు తెరిచి సాయం అడిగాడండీ! మర్నాడు తండ్రిని పిలిచి చేతిలో టీసీ పెట్టారు. స్కూలు పేరు పాడవుతుందట. ఏం పేరది? దేనికి సంపాదించిన పేరు? ఆ తండ్రి గేటు దగ్గరే పిల్లాణ్ని చావబాదుతుంటే వాచ్‌మన్ తప్ప ఒక్కడు అడ్డం రాలేదు. డాక్టరుకి చూపించమని చెప్పినవాడు లేడు. 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా దొరుకుతుందని చెప్పినవాడు లేడు. మొన్నటి ఫ్లెక్సీ మీద ఆ నంబరుంది, అతిథుల బొమ్మల కింద, చీమ తలకాయంత. ఇప్పుడు ఆ పిల్లాడు చెరువు గట్టు మీద రాత్రంతా, నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లకి కాపలా కాస్తున్నాడు, ఒక్కడే. వాడి తండ్రి చేతిలో టీసీ పెట్టిన చేతులే మొన్న మా చేతుల్లో ప్రతిజ్ఞ కాగితాలు పెట్టాయి. సిగ్గులేని చేతులు.

ఆ కాగితాలు ఇంటి దగ్గర నింపి సోమవారానికి ఇవ్వాలి. నేను భోంచేసి లేచేసరికి మా వాడు అంతా నింపేసి, వాళ్లమ్మ సంతకం కూడా అచ్చుగుద్దినట్టు పెట్టేసి, నా ముందు పెట్టాడు. నాలుగో ప్రశ్న: 'మీ పిల్లలతో రోజుకు ఎంతసేపు మాట్లాడతారు?' అరగంట అని టిక్కు పెట్టి ఉంది.

"ఎప్పుడు మాట్లాడుకున్నాం రా అరగంట?"

"అన్నీ కలిపాను మావయ్యా. పొద్దున లెమ్మంటావు కదా. రాత్రి ఫోన్ పక్కన పెట్టమంటావు. మధ్యలో సిగరెట్లు తెమ్మంటావు, ఏ కంపెనీదో, చిల్లరెంత తేవాలో చెప్తావు. అదే ఎక్కువ టైము."

"ఎదురు కొట్లోనే కదా తెచ్చేది?"

"ఆయ్. ముఖ్య అతిథిగారి దగ్గరే."

సంతకం పెట్టాను. ఫాదర్ కాలమ్‌లోనే.