ఈలది తప్పు.. అరుపుది తప్పున్నర

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, కావలి, ఒంగోలు బడుల మైదానాల్లోనో పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు చూసేవారికి ఇది అలవాటైన దృశ్యమే. రిఫరీ ఈల వేస్తారు. కోచ్ బెంచీ మీంచి లేచి రెండు చేతులూ పైకి విసురుతారు. వెనక నుంచి తల్లిదండ్రులు అందుకుంటారు. ఇక ఆ క్వార్టర్ అయ్యేదాకా పిల్లల చూపు బంతి మీద ఉండదు, కోచ్ ముఖం మీదే ఉంటుంది.

రిఫరీలు పొరబడరని మేమనడం లేదు. బడి పోటీల్లో చాలాచోట్ల ఈల పట్టేది మన పీఈటీలే. ఆట నియమాలేమో మారుతూనే ఉంటాయి. కదులుతూ బంతి పట్టినవారి అడుగుల లెక్కను 2017లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) మార్చింది. పట్టే క్షణంలో నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాత రెండు అడుగులు వేయొచ్చు. పాత లెక్కతో చూసేవారికి అది ట్రావెలింగ్‌లాగే, అంటే బంతితో అడుగులు ఎక్కువ వేసిన తప్పులాగే కనిపిస్తుంది.

చెయ్యి తగిలిందా లేదా అన్నది రిఫరీ కంటితో చూసి చెప్పే తీర్పు. అరిచి దాన్ని మార్పించిన కోచ్ మాకింతవరకు కనబడలేదు. నియమాన్నే తప్పుగా అమలు చేస్తే మాత్రం అడగాల్సిందే. ఉదాహరణకు, ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఎదుటివారికి రెండు ఫ్రీత్రోలు (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి విసిరే అవకాశాలు) వస్తాయి. అయితే బంతి తమ దగ్గరున్న జట్టు చేసే ఫౌల్‌కు అవి రావు, బంతి మాత్రమే అవతలివారికి పోతుంది. ఇక్కడ రిఫరీ పొరపాటున ఫ్రీత్రోలు ఇచ్చేస్తే వాటిని రద్దు చేసే వీలుంది. గడువే బాగా తక్కువ. పొరపాటు తర్వాత గడియారం నడిచి, ఆట మొదటిసారి ఆగి, బంతి మళ్లీ లైవ్ అయ్యేలోపు (ఆటలోకి వచ్చేలోపు) ఆ పొరపాటు బయటపడాలి. ఆ కాసేపూ కేకలతో గడిపేస్తే ఆ పాయింట్లు స్కోరుషీటులో ఉండిపోతాయి. పైగా ఆ ప్రవర్తనకు కోచ్ మీద టెక్నికల్ ఫౌల్ పడితే ఎదుటివారికి ఇంకో ఫ్రీత్రో. రెండోది కూడా పడితే కోచ్ మైదానం విడిచి వెళ్లాలి.

కాబట్టి ఆట, గడియారం రెండూ ఆగేదాకా ఆగి, ‘సార్, బంతి మా అబ్బాయి చేతిలోనే ఉంది కదా, ఫ్రీత్రోలు వస్తాయా?’ అని అడిగితే సరిపోతుంది. ప్రశ్నగా అడిగితే దిద్దుకోవడానికి రిఫరీకీ నామోషీ ఉండదు. మర్యాదగా అడిగే హక్కు కెప్టెన్‌కూ ఉంది. పదమూడేళ్ల పిల్ల లేచి నియమం అడగడం నేర్చుకుంటే, నిజం చెప్పాలంటే, కప్పు కంటే మాకదే ముద్దు.

ఓడాక ఫిర్యాదు చేస్తామనేవారూ ఉంటారు. ఫిబా నియమాల ప్రకారం మ్యాచ్ ముగిసిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ ఆ సంగతి రిఫరీకి చెప్పి, స్కోరుషీటులో సంతకం పెట్టాలి. అదీ స్కోరు, గడియారం లెక్కల్లో తేడాల వంటి వాటికే. చెయ్యి తగిలిందా లేదా అన్న పేచీ అక్కడ చెల్లదు.

నిర్వాహకుల బాధ్యతా ఉంది. ఏ నియమాలతో ఆడిస్తున్నారో, బంతిని బుట్ట వైపు విసరడానికి జట్టుకుండే గడువు చూపే 24 సెకన్ల గడియారం లేనిచోట ఆ లెక్క ఎవరు చూస్తారో తొలిరోజు ఉదయమే కోచ్‌లనూ రిఫరీలనూ కూర్చోబెట్టి చెప్పాలి. అరగంట చాలు. ముఖ్య అతిథి ఎలాగూ ఆలస్యంగానే వస్తారు.