ఎగశ్వాసను చూసి ఆగిపోవద్దు
ఎవరైనా గుండె ఆగి కుప్పకూలితే, శిక్షణ లేనివారు వారి ఛాతీ మీద చేయి వేయకుండా అంబులెన్స్ వచ్చేవరకు ఆగడమే మేలని మీ వ్యాసంలో రాశారు. దీనితో నేను ఏమాత్రం ఏకీభవించను. గుండె ఆగితే రక్తం అందక మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. అంతలో అంబులెన్స్ రావడం అరుదు. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం నిజమే, విరగవచ్చు కూడా, కానీ అది తర్వాత అతుక్కుంటుంది. వ్యాసం అసలు ప్రస్తావించని విషయం ఎగశ్వాస, అంటే గుండె ఆగిన మనిషి ఉండి ఉండి గాలి ఎగబీల్చడం; అది నిజమైన శ్వాస కాదు. మా పెదనాన్నగారు కుప్పకూలినప్పుడు ఉండి ఉండి గురక పెట్టినట్టు గాలి ఎగబీల్చారట. ఊపిరి ఆడుతోందని ఇంట్లోవారు ఊరట చెందారు. ఫోనులో ఉన్న అత్యవసర సేవల ఉద్యోగిని మాత్రం ఆ శబ్దం విని, అది శ్వాస కాదని గట్టిగా చెప్పి, లెక్కపెడుతూ మా వదినచేత ఛాతీ నొక్కించింది. వదినకు అంతకుముందు ఏ శిక్షణా లేదు. పెదనాన్నగారు బతికారు. పిలిచినా, తట్టినా పలకని మనిషికి ఊపిరి మామూలుగా ఆడకపోతే 10 సెకన్లకు మించి పరీక్షిస్తూ కూర్చోకూడదు. వెంటనే ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పెద్దవారికైతే 5 సెంటీమీటర్లకు తగ్గని లోతు ఉండాలి, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నీట మునిగినవారికి, పసిపిల్లలకు నోటితో ఊపిరి అందించడం కూడా చాలా ముఖ్యం. అలా ఊదడం తెలిసినవారు 30 నొక్కులకు 2 సార్లు ఊదాలి. ఊదడం రాదని నొక్కడం కూడా మానేయమని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి.