రాజీనామాలో రాజీ ఎక్కడుంది?

(గుంటూరు బ్రాడీపేటలో ప్లీడరు గారి ఆఫీసు గది. బల్ల మీద లోక్ అదాలత్‌కు వెళ్లాల్సిన రాజీ మెమో.)

ప్లీడరు: చూడండి మాస్టారూ, ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3వ రూలు కింద రాజీ. 1976 సవరణ తర్వాత రాతలో ఉండాలి, ఇరుపక్షాలూ సంతకం పెట్టాలి. హిందీవాళ్లు దీన్నే రాజీనామా అంటారు. మనం ఉద్యోగం మానేసేవాడి కాగితానికి ఆ పేరు పెట్టాం. తప్పు కాదూ?

మాస్టారు: కన్నడిగులూ మరాఠీవాళ్లూ మనలాగే అంటారండీ.

ప్లీడరు: ముగ్గురూ కలిసి అంటే తప్పు ఒప్పవుతుందా? రాజీకి ఇద్దరుండాలి. మానేసేవాడు ఒక్కడు.

మాస్టారు: ఇద్దరుండాలనుకోవడమే పొరపాటు. అరబ్బీలో 'రాదీ' అంటే తృప్తిపడినవాడు, సమ్మతించినవాడు. అది ఒక్కడి మనసు సంగతి. పారశీకుల నోట అది 'రాజీ' అయింది. నామా అంటే రాసిన కాగితం. కలిపితే, 'నాకు సమ్మతమే' అని రాసిచ్చింది. దావా వేసినవాడు తృప్తిపడ్డానని రాసిస్తే రాజీనామా. బొంబాయి ప్రెసిడెన్సీలో భూమి వదులుకునే రైతు సర్కారుకు రాసిచ్చిందీ రాజీనామాయే; దాన్ని కొత్తగా తీసుకునే రైతు ఇచ్చేది కబూలియత్. భూమి వదులుకునే కాగితానికీ కొలువు వదులుకునే కాగితానికీ ఎంత దూరమని? ఇద్దరూ సమ్మతిస్తే కుదురుబాటు, ఒక్కడే అయితే విడుపు.

ప్లీడరు: నామా అంటే కాగితమా? మరి చిరునామా? చిన్న పేరనే కదా!

మాస్టారు: కాదు. పారశీకంలో 'సర్‌నామా', ఉత్తరం తలమీద రాసేది. వీలునామాలో వీలు కూడా ఇంగ్లీషు విల్లే.

ప్లీడరు: వీలు అచ్చతెలుగు మాటండీ! వీలు చూసి రాసుకునేది వీలునామా.

మాస్టారు: వీలు చూసి అమ్మకం దస్తావేజూ రాస్తాం, దాన్ని వీలునామా అంటున్నామా? అది అలా ఉంచి, ఎమ్మెల్యే రాజీనామా సంగతి చూడండి. 1974లో రాజ్యాంగం 33వ సవరణ 190వ అధికరణాన్ని మార్చింది. స్పీకరు ఆమోదించాలి, స్వచ్ఛందంగా, నిజంగా ఇచ్చింది కాదని తేలితే ఆమోదించకూడదు. మనస్ఫూర్తిగా రాశాడా అని చూడటమేగా అది!

ప్లీడరు: మరి హైకోర్టు జడ్జి? 217వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి స్వదస్తూరీతో సంతకం చేసిస్తే చాలు, ఎవరూ ఆమోదించనక్కర్లేదు. గోపాల్ చంద్ర మిశ్రా కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ సమ్మతి చూసేదెవరు?

మాస్టారు: ఎవరూ లేరు, ఒప్పుకుంటున్నాను. కానీ రాబోయే తేదీ నుంచి అమలని రాస్తే ఆ తేదీ లోపు వెనక్కి తీసుకోవచ్చని ఆ తీర్పే చెప్పింది. మనసు మారితే ఆ కాగితం చెల్లదన్నమాట.

ప్లీడరు: సరే, కానీ నా మెమో మీద రాజీనామా అని రాయను. క్లయింటు కంగారుపడతాడు.

మాస్టారు: రాయొద్దు. చివరి పేరాలో 'ఎవరి బలవంతమూ లేకుండా' అని ఉందిగా, అది మాత్రం కొట్టేయకండి.