సరికొత్త పాతకాలం

గృహాలంకరణ శాస్త్రం ఈమధ్య సాధించిన అతి గొప్ప ఆవిష్కరణ ఏమిటంటే, వంటగదిని, స్నానాలగదిని ఎంత కొత్తగా కట్టించుకుంటే అవి అంత పాతవిగా కనిపించాలన్నది. దీనిని తేలికగా తీసిపారేయడం తగదు. పాత గదిని పాతగా ఉంచడం ఎవరికైనా చేతనవుతుంది. దానికి కావలసింది బద్ధకం ఒక్కటే. గోడలు పగలగొట్టించి, గొట్టాలు మార్పించి, పలకలన్నీ పీకించి, నెలల తరబడి సిమెంటు దుమ్ము పీల్చి, చివరికి ఆ గది మీద నూరేళ్ళుగా ఎవరూ చెయ్యి వేయలేదేమో అనిపించేలా చేయడానికి మాత్రం అభిరుచి ఉండాలి, డిజైనరు ఉండాలి, అన్నిటికీ మించి బ్యాంకువారి దయ ఉండాలి. ఈ ఉద్యమం పట్ల నాకు సంపూర్ణమైన సానుభూతి ఉంది. నా అభ్యంతరం ఒక్కటే: మనవాళ్ళు దీనిని సగంలో ఆపేస్తున్నారు.

తెల్ల పలకల సంగతే చూడండి. 3 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల పొడవుతో, ఇటుకల వరసలో పేర్చిన ఆ నిగనిగలాడే పలకలు లేని పాతకాలపు వంటగదిని ఏ డిజైనరూ ఒప్పుకోడు. వీటికి పేరు తెచ్చినది వంటగది కాదు, సొరంగం. 1900లో పారిస్ మెట్రోలోను, 1904లో న్యూయార్క్ సబ్‌వేలోను భూగర్భ స్టేషన్ల గోడలకు తెల్ల పలకలు అతికించారు. ఆనాటి విద్యుద్దీపాల వెలుగు అంతంతమాత్రమే. నున్నని తెల్లగోడ అయితే ఉన్న కాస్త వెలుగునూ తిరిగి మనుషుల మీదికి పంపుతుంది, మురికి పడితే దాచకుండా చూపిస్తుంది, తుడిస్తే శుభ్రపడుతుంది. చీకటితో చేసిన యుద్ధంలో అది ఒక ఆయుధం. మన గృహస్థు ఏం చేస్తున్నాడంటే, ఆ పలకలను గోడంతా భక్తితో అతికించి, వాటికి ఎదురుగా, లోపలి తీగ మాత్రమే ఎర్రగా మినుకుమినుకుమనే పాతరకం బల్బును వేలాడదీస్తున్నాడు. ఆ తీగ నిజానికి ఎల్‌ఈడీ. గదినిండా వెలుగు ఇవ్వగలిగిన వస్తువే. ఇవ్వకుండా ఉన్నందుకే దానికి ఎక్కువ వెల. ఆ మసక వెలుతురులో కూరగాయ ఎక్కడ అయిపోయిందో, వేలు ఎక్కడ మొదలైందో తెలియదు గానీ, ఫోటో మాత్రం అద్భుతంగా వస్తుంది. ఇక పలకల మధ్య సందుల విషయం. పలక చిన్నదయ్యే కొద్దీ సందులు పెరుగుతాయి, సందుల్లో చేరిన జిడ్డు తుడిచినంత మాత్రాన పోదు. అందుకని సందులను ముదురు బూడిద రంగులోనే పూడ్పించమని నిపుణులు సలహా ఇస్తున్నారు. మురికి వచ్చేదాకా ఆగే ఓపిక లేనివారికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

స్నానాలగదికి వస్తే, గది నడిమధ్యలో నాలుగు గోళ్ళ పాదాల మీద నిలబడిన పోతఇనుము టబ్బు ఉండి తీరాలి. దానిని చూడగానే అందరికీ రాజసం స్ఫురిస్తుంది. చరిత్ర మరోలా ఉంది. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇనుప సామాను తయారు చేసే జాన్ మైకేల్ కోలర్, పశువుల నీళ్ళతొట్టిగాను, కోసిన పంది బొచ్చు ఊడేందుకు వేడినీళ్ళు పోసే తొట్టిగాను పనికివచ్చే ఒక సరుకుకు ఎనామిల్ పూత పూయించి, దీనికి నాలుగు కాళ్ళు తగిలిస్తే స్నానపు టబ్బుగా కూడా వాడుకోవచ్చునని తన సరుకుల పట్టికలో వేయించాడు. ఈ వంశచరిత్రలో సిగ్గుపడవలసినదేమీ లేదు. చాలా రాజవంశాలకు ఇంతకంటే మర్యాదైన మూలం ఉండదు. తొట్టి తాలూకు మిగతా రెండు ఉపయోగాల గురించి డిజైనర్లు ఎందుకు మౌనం వహిస్తున్నారన్నదే నా ప్రశ్న. ఈ టబ్బు ఖాళీగా ఉన్నప్పుడే 100 కిలోలు దాటుతుంది. నీళ్ళూ మనిషీ తోడైతే, కింది అంతస్తువారికి కూడా పాతకాలం మీద అమితమైన ఆసక్తి కలుగుతుంది. టబ్బు కింద చీపురు దూరక, చేయి అందక మిగిలిపోయే జాగా ఒకటి ఉంటుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో గోడకు అతుక్కుని, నేలదాకా మూసి ఉండే టబ్బులు రాగానే జనం వాటిని ఎగబడి కొన్నది ఈ జాగా పీడ వదిలించుకోవడానికే.

చిత్రమేమిటంటే, మనం పాతవని నెత్తిన పెట్టుకుంటున్న ఈ వస్తువులను తయారు చేసినవారిలో చాలామందికి పాతదంటే బొత్తిగా గిట్టేది కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మార్గరెట్ షూటె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి, కొత్త కార్మిక గృహాల కోసం ఒక వంటగదిని రూపొందించింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. వంట చేసే మనిషి ఏ పనికి ఎన్ని అడుగులు వేయవలసి వస్తున్నదో, ఎంతసేపు పడుతున్నదో లెక్కగట్టి, ఫ్యాక్టరీలో యంత్రాలను అమర్చినట్టు అరలను అమర్చింది. పప్పుదినుసులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, దుమ్ము చేరకుండా తలుపులున్న అల్మారాలు, ఈగలు వాలవన్న నమ్మకంతో అల్మారాలకు నీలి ఆకుపచ్చ రంగు. అలాంటివి సుమారు 10,000 కట్టారు. ఈనాటి డిజైనరు ఆ వంటగది నుంచి శ్రద్ధగా తీసుకున్నది రంగు ఒక్కటే. తలుపులు పీకేసి తెరిచిన అరలు పెట్టాడు. వాటి మీద పేర్చిన పింగాణీ గిన్నెలకు వారం తిరిగేసరికి నూనె ఆవిరి పట్టి, ఆ నూనె మీద దుమ్ము కూర్చుని, వేలితో రాస్తే పేరు రాసుకోవడానికి వీలైన ఒక బంక పొర తయారవుతుంది. గిన్నెను వాడేముందు కడగాలి, వాడాక కడగాలి. ఆవిడ మిగిల్చిన అడుగులన్నీ సింకు దగ్గర తిరిగి ఖర్చవుతున్నాయి. ఈగల అభిప్రాయం ఇంకా తెలియరాలేదు.

షేకర్ తలుపులది ఇంకా గంభీరమైన వ్యవహారం. చుట్టూ చట్రం, మధ్యలో చదునైన పలక, ఒక్క పువ్వు గానీ తీగ గానీ లేని ఈ తలుపులు, ఆడంబరాన్ని పాపంగా ఎంచిన షేకర్లు అనే అమెరికన్ క్రైస్తవ శాఖవారి పనితనం నుంచి వచ్చాయి. నిరాడంబరతకు ఇంత ధర పలకడం వారు కలలోనైనా ఊహించి ఉండరు. ఆ తలుపు తెరిస్తే లోపల ఏముంటుంది? గిన్నెలు కడిగే యంత్రం. పాతకాలపు వంటగదిలో యంత్రం కనిపిస్తే పరువు పోతుందని దానిని అల్మారా వేషంలో దాస్తారు. పాపం, ఆ షేకర్లు యంత్రమంటే పడి చచ్చే మనుషులు. వారిలో ఒకాయన 1858లో బట్టలుతికే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు, దానిని హోటళ్ళకు బాహాటంగా అమ్ముకున్నారు కూడా.

వార్నిష్ పూత లేని ఇత్తడి కుళాయి గురించి కొంచెం విపులంగా చెప్పాలి. దీనిని అమ్మేవారు "ప్రాణమున్న లోహం" అంటారు. బిగించిన మొదటి రోజు అది బంగారంలా మెరుస్తుంది. పిడి మీద వేలిముద్రలు పడి ముందు గోధుమరంగు మచ్చలవుతాయి, తరవాత నీళ్ళు నిలిచే మొదలు దగ్గర సన్నగా పచ్చటి చిలుము చేరుతుంది. యజమాని కంగారుపడి గుడ్డ తెచ్చి తోముతాడు. తోమకూడదని, ఆ మరకే దాని అందమని, దాని కోసమే అదనంగా చెల్లించారని డిజైనరు నచ్చజెబుతాడు. యజమాని మనసు రాయి చేసుకుని తోమడం మానేస్తాడు గానీ, చిలుము తాను కోరిన చోట కాక తనకు తోచిన చోట చేరుతుందని గ్రహించి, మరుసటిసారి ఫ్యాక్టరీలోనే రసాయనాలతో ముసలిదాన్ని చేసి పంపిన కుళాయి తెప్పిస్తాడు. దాని మీద చిలుము అన్ని వైపులా సమానంగా, క్రమశిక్షణతో ఉంటుంది. నిజంగా పాతది కావాలనేవారికి పాత సామాను దుకాణాలు ఉండనే ఉన్నాయి. వెనకటి ఇత్తడి కుళాయిలలో సీసం కలిసేది; అమెరికాలో 2014 దాకా 8 శాతం వరకు సీసమున్న కుళాయిని కూడా సీసరహితమనే చట్టం పిలిచేది. నీళ్ళలో పాతకాలపు రుచి కావాలన్నవారికి అదీ దొరుకుతుంది.

ఎత్తున ట్యాంకు పెట్టి గొలుసు లాగే మరుగుదొడ్ల గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళు జోరుగా దిగాలంటే ట్యాంకు అంత ఎత్తున ఉండక తప్పని రోజులవి. గొలుసు తెగితే ఏం చేయాలో ఏ సచిత్ర పుస్తకమూ రాయడం లేదు.

ఒక్క వస్తువు దగ్గర మాత్రం ఈ ఉద్యమం సగంలో ఆగినందుకు నేను సంతోషిస్తాను. మూలలు గుండ్రంగా తిరిగి, లేత రంగు పూసుకున్న 1950ల నాటి తీరు ఫ్రిజ్ తలుపుకు పొడవాటి మెరుపు పిడి ఉంటుంది. అది ఒకప్పటి గొళ్ళెం పిడికి నకలు. ఆ గొళ్ళెం బయటి నుంచి తప్ప తెరుచుకునేది కాదు. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోయారు. లోపలి నుంచి తెరుచుకోని ఫ్రిజ్‌లను నిషేధిస్తూ 1956లో అమెరికా చట్టం చేసింది. ఈనాటి పిడిని లాగితే "ఠక్" మనదు. రబ్బరు అంచులోని అయస్కాంతం మెత్తగా వదులుతుంది. ఆ మెత్తదనాన్ని ఏ డిజైనరూ ముట్టుకోకూడదు.

తక్కిన విషయాలలో ముందుచూపు ఉన్నవారికి ఒక మనవి. 1970లలో పాశ్చాత్య దేశాల ఇళ్ళల్లో అవకాడో ఆకుపచ్చ రంగు ఫ్రిజ్‌లు, సింకులు, టబ్బులు గొప్పగా వెలిగాయి; తరవాతి తరంవారు వాటిని సుత్తులతో పగలగొట్టించారు; ఇప్పుడు ఆ పచ్చదనమే మరింత మర్యాదైన పేర్లతో తిరిగి గోడలెక్కుతోంది. కాబట్టి, పాతకాలం తెచ్చిపెట్టుకునే హడావుడిలో మీరు ఇప్పుడు పీకిస్తున్న, పిడుల్లేని ఆ బూడిదరంగు నున్నటి అల్మారాలను చెత్తలారీకి ఎత్తవద్దు. తడి తగలని చోట, తలుపుల వరస తప్పకుండా అంకెలు వేసి భద్రపరచండి. మీ మనవరాలి డిజైనరు వాటిని వెతుక్కుంటూ వస్తాడు. ఎట్టి పరిస్థితిలోనూ కడగవద్దు. ఆ మరకలకు అప్పటికి వేరే ధర ఉంటుంది.