"టెస్ట్ చేసిన ప్రాసెసర్ కొంటే స్పీడ్ గ్యారంటీ" అన్నది ఎంతవరకు నిజం?

"ఓవర్‌క్లాక్ చేసి (కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువతో నడిపి), టెస్ట్ చేసి అమ్మే ప్రాసెసర్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. కాస్త ఎక్కువ పెట్టినా 5 గిగాహెర్ట్జ్ ఖాయం, టెన్షన్ ఉండదు, పై మోడల్ కొనే డబ్బు మిగులుతుంది." పీసీ బిల్డ్ చేసుకునే కుర్రాళ్ల మధ్య ఈ సలహా బాగా తిరుగుతోంది. చాలామంది ఇంట్లోవాళ్ల డబ్బుతో కొంటున్నారు కాబట్టి దీనికి జవాబు చెప్పి తీరాలి.

"ఖాయం" అన్నదే మొదటి తప్పు. ఆ స్పీడ్ వచ్చింది అమ్మేవాడి మదర్‌బోర్డు మీద, అతని కూలర్ కింద. లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ ఎంత పడిపోతుందో బోర్డును బట్టి మారుతుంది. ఏసీ గదిలో నిలిచిన సెట్టింగ్ మే నెల ఎండల్లో మన గదిలో నిలుస్తుందన్న నమ్మకం లేదు. పైగా ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ సంగతి చాలామంది చూడరు. ఏవీఎక్స్ అనే భారీ లెక్కల సూచనలు నడిచేటప్పుడు స్పీడ్ ఎంత తగ్గాలో చెప్పే సెట్టింగ్ అది, ఒక్కో అంకెకి 0.1 గిగాహెర్ట్జ్ తగ్గుతుంది. అది 2 ఉంటే, 5 గిగాహెర్ట్జ్ అని కొన్న చిప్ వీడియో ఎన్‌కోడింగ్ లాంటి ఏవీఎక్స్ పనుల్లో 4.8కి దిగిపోతుంది.

"స్క్రీన్‌షాట్ ఉంది కదా" అంటారు. ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్ ఆ క్షణంలో ఉన్న స్పీడ్ చూపిస్తుంది, అంతే. గంటల తరబడి లోడ్ మీద నిలబడిందో లేదో చెప్పదు.

వారంటీ మాట ఇంకా ముఖ్యం. పరిమితి దాటి నడిపినందువల్ల పాడైతే ఇంటెల్ మామూలు వారంటీ వర్తించదు. అందుకోసం విడిగా అమ్మిన రక్షణ ప్లాన్‌ను కూడా 2021లో ఆపేసింది. 2019లో ఇంటెల్ తానే ఏరి, అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్‌తో నడిచేలా అమ్మిన ఐ9-9900కేఎస్‌కి ఇచ్చిన వారంటీ ఒక్క ఏడాదే. మామూలుగా ఇచ్చేది మూడేళ్లు. తయారు చేసినవాళ్లే అంత జాగ్రత్త పడితే, మధ్యలో అమ్మేవాడి మాట మీద ఎన్నేళ్లు ధీమాగా ఉండగలం?

ఒకసారి పాసైన చిప్ ఎప్పటికీ అలాగే ఉంటుందన్నదీ నిజం కాదు. ఎక్కువ వోల్టేజీకి చిప్ అరిగిపోతుంది. 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఓవర్‌క్లాక్ చేయకుండానే అలా దెబ్బతిన్నాయి. 2024లో కంపెనీ మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే కోడ్) సరిచేసి, వారంటీని మరో రెండేళ్లు పెంచాల్సి వచ్చింది.

డబ్బు మిగలడం ఒకప్పటి మాట. 1998 నాటి 300 మెగాహెర్ట్జ్ చిప్ సెలెరాన్ 300ఏ, బస్ స్పీడ్‌ని (ప్రాసెసర్ స్పీడ్‌కి ఆధారమైన బోర్డు క్లాక్) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 450కి వెళ్లేది. సగానికి సగం లాభం! ఇప్పుడు చిప్‌లో మిగిలే ఆ అదనపు స్పీడ్‌ను కంపెనీలే ముందుగా వాడేస్తున్నాయి. ఐ9-14900కేఎస్ పెట్టెలోంచి తీసీ తీయగానే 6.2 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. అమెరికాలో ఇలా టెస్ట్ చేసిన చిప్‌లు అమ్మి పేరు తెచ్చుకున్న సిలికాన్ లాటరీ, ఏ సెట్టింగులతో పరీక్షించిందో చెప్పి మరీ అమ్మేది. కొత్త చిప్‌లలో ఓవర్‌క్లాకింగ్‌కి చోటు తగ్గిపోయిందని చెప్పి ఆ సంస్థే 2021లో మూతపడింది.

అయినా కొనాలనుకుంటే బోర్డు పేరు, బయోస్ (మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వెర్షన్, లోడ్‌లో వోల్టేజీ, ఏవీఎక్స్ ఆఫ్‌సెట్, ఏ టెస్టు ఎన్ని గంటలు నడిపారో రాతపూర్వకంగా అడగండి. రిటర్న్ గడువు ఉండగానే మీ అసలు పనులు రాత్రంతా నడిపి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఎర్రర్లు (హార్డ్‌వేర్ లోపాల నమోదులు) ఉన్నాయేమో చూడండి. సిస్టమ్ హ్యాంగ్ కాకపోయినా అవి కనిపిస్తే ఆ చిప్ వెనక్కి పంపేయండి.